పది నిమిషాల కొట్లాట

ఇందులో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళూ ఇది చదివారు. చదివి రెండు పేరాలు కొట్టేసి, మిగతాది ఉండనీ అన్నారు. ఆ కొట్టేసిన రెండే అన్నిటికన్నా బాగా వచ్చాయని నా అభిప్రాయం. రాసినవాడి అభిప్రాయం కనక దాన్ని పక్కన పెట్టి ముందుకు పోదాం.

బీదరులో నాకొక డీటీపీ దుకాణం ఉంది. పెద్దగా ఊహించుకోకండి. ఒక కంప్యూటరు, ఒక జెరాక్స్ మిషను, ఒక స్టూలు, నేను. మా నలుగురిలో ఒకరు కదలాలంటే మిగతా ముగ్గురూ ఊపిరి బిగబట్టాలి. తహసీలు ఆఫీసుకు కన్నడంలో అర్జీలు, పెళ్ళిళ్ళకు తెలుగులో కార్డులు, ఉర్దూలో చెప్పిన బాధలు విని ఇంగ్లీషులో దరఖాస్తులు: ఊరు ఊరంతా నా స్టూలు మీద కూర్చుని మాట్లాడి లేచిపోయినదే. దీనికి తోడు మా చర్చి క్రిస్మస్ నాటిక ఏటా నేనే రాస్తాను. నా నాటికలో గొర్రెల కాపరి కూడా ఒకటిన్నర పేజీకి తక్కువ మాట్లాడడు. పాస్టరుగారు ఒక ఏడాది ప్రసంగం మానేసి ఇంటికి పోవలసి వచ్చింది.

అట్లాంటి దుకాణానికి బెంగుళూరు విశ్వవిద్యాలయం ఒకదాని నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. మలయాళీ పిల్ల. కూరగాయలు బేరం చేసేంత కన్నడం ఉంది, తెలుగు బొత్తిగా లేదు. ఆమె తెచ్చిన ప్రశ్నాపత్రాన్ని తెలుగు చెయ్యాలి, తర్వాత దుబాసీగా కూడా రావాలి. పైన పేరు చూశాను: స్వలింగ జంటల అనుబంధాలపై అధ్యయనం. కింద ప్రశ్నలు ఎన్నో నేను లెక్కపెట్టలేదు కాని ప్రింటరు రెండుసార్లు వేడెక్కి ఆగింది. మెట్రిక్కులో నన్ను అన్ని ప్రశ్నలు అడగలేదు. పెళ్ళిచూపుల్లో అసలు ఒక్కటి కూడా అడగలేదు.

ఇట్లాంటివి ఎక్కువగా పెద్ద నగరాల్లో, ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ మధ్యే జరుగుతాయనీ, చిన్న ఊళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళో ఇద్దరు మగవాళ్ళో కలిసి కాపురం ఎట్లా వెళ్ళదీస్తున్నారో అడిగినవాళ్ళు తక్కువనీ ఆమె చెప్పింది. ఎవరు వండుతారు, ఎవరి మాట చెల్లుతుంది, ఎట్లా కొట్లాడుకుంటారు, ఎట్లా కలుస్తారు, ఇవీ ఆమెకు కావలసినవి.

"మామూలు మొగుడూ పెళ్ళాల మాదిరే కొట్లాడుకుంటారా, వేరేగానా?" అని అడిగాను.

"అది తెలియకే ఇంత దూరం వచ్చాను," అంది.

బీదరులో ఆ జంట ఎవరై ఉంటారా అని ఒక పూటంతా ఊరిని మనసులో గాలించాను. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు, బ్యాంకు మేనేజర్లు, జుట్టు కత్తిరించుకున్న ప్రతి మనిషీ నా అనుమానంలోకి వచ్చి పోయారు. మర్నాడు ఆటో మమ్మల్ని తెచ్చి దింపింది మా చర్చి వెనక గల్లీలో. పై అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఇరవై ఏళ్ళుగా నేను చాయ్ తాగుతున్న ఇల్లు.

ఆ ఇంట్లో ఇద్దరుంటారు. ఒకరిని ఊరంతా నర్సక్క అంటారు. ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు, యాభై దాటింది. ఆమె సూది పొడిస్తే నొప్పి కూడా వరుసలో నిలబడి, పిలిచాకే వస్తుందని ప్రతీతి. రెండో ఆమెను టైలరక్క అంటారు, ఆమెకన్నా నాలుగైదేళ్ళు చిన్న. కొల్హార్ ఫ్యాక్టరీలకు షిఫ్టు ఆటోల్లో పోయేవాళ్ళలో సగం మంది యూనిఫాం ఆమె కుట్టిందే. ఆమె కుట్టిన చొక్కా పీలికలైపోవచ్చు, జేబు మాత్రం గాలిలో నిలబడి ఉంటుంది. చర్చిలో ఇద్దరూ ఒకే పాటల పుస్తకం పట్టుకుని పాడతారు. అక్కచెల్లెళ్ళు కారని అందరికీ తెలుసు. అయినా అక్కచెల్లెళ్ళ లెక్కనే అందరూ పిలుస్తారు. నేను ఆశ్చర్యపోయానని రాస్తే అబద్ధమవుతుంది. ఇరవై ఏళ్ళు కళ్ళతో చూసినదానికి ఆ రోజు అచ్చులో పేరు కనపడింది, అంతే.

ఒక సంగతి అప్పటికి నాకు తెలియదు కాని మీకు ముందే చెబుతాను. కొన్నాళ్ళుగా టైలరక్క మొహం తెల్లబడుతోంది. కొత్త పౌడరేమో అనుకున్నాను. విషయమేమిటంటే గర్భసంచిలో గడ్డలు. ఏడు నెలలుగా రక్తం పోతోంది. ఆపరేషన్ చేసి తీసెయ్యాలని డాక్టరమ్మ చెప్పింది, ఈమె వాయిదా వేస్తోంది. భయం కత్తికి కాదు. ఆపరేషన్ అంటే నర్సక్క పనిచేసే ఆ దవాఖానాలో రక్తసంబంధీకుల సంతకం, మా మాటలో దస్తఖత్, అడుగుతారు. బీదరు దగ్గరి పల్లె చిమ్కోడ్‌లో వ్యవసాయం చేసే ఆమె అన్న రావాలి. వస్తే, పెళ్ళికాని చెల్లెలిని ఆపరేషన్ కాగానే పుట్టింటికి తీసుకుపోతాడు, మా వైపు అది ఆచారం. మూడు నెలల విశ్రాంతి అంటారు. ఆ ఇంట్లో వదినకు మోకాళ్ళు పనిచెయ్యవు. వీళ్ళ మేనత్త కూడా ఒకప్పుడు అట్లాగే మూడు నెలల కోసమని ఆ ఇంటికి వచ్చి, బతికినన్నాళ్ళూ రొట్టెలు కొట్టి, ఆ పొయ్యి ముందే పోయింది. కాబట్టి తేలవలసింది ఒకటే. టైలరక్క దవాఖానా నుంచి ఏ ఇంటికి పోతుంది? ఇది తెలియకుండా నేనేం చేశానో మీరు తెలిసి చూడాలి, అందుకని చెప్పాను.

తలుపు తీసింది నర్సక్క. నన్ను చూసింది, నా చేతిలో కాగితాల కట్ట చూసింది.

"నువ్వా తమ్మీ. రా. చెప్పులు ఆడ ఇడువు."

వంటింట్లోంచి టైలరక్క తల బయటపెట్టింది. "అన్ననా. ఇగ ఐపాయె. చాయ్‌ల శక్కర ఎక్కువేస్త, నోరు మూస్కొని ఉంటడు."

నోరు మూసుకుని ఉంటానని నేను అప్పటికే ఒక కాగితం మీద సంతకం పెట్టి ఉన్నాను. వాళ్ళు పెట్టవలసిన కాగితం చదివి వినిపించాను. పేర్లు రాయరు, ఎప్పుడైనా వద్దనవచ్చు, ఇష్టం లేని ప్రశ్న వదిలెయ్యవచ్చు. టైలరక్క ఒక్కొక్క వాక్యానికీ గుడ్డ కొలిచినట్టు తల ఊపి, చివర అడిగింది.

"ఈ సర్వే ఐతే రేషన్ కార్డుల మా ఇద్దరి పేర్లు ఒక్కకాడ ఎక్కుతయా అన్నా?"

అడిగి చెప్పాను, ఎక్కవని.

"గ్యాస్ బుక్కుల?"

అక్కడా ఎక్కవు.

"మరి ఎందుకు పనికొస్తదంట?"

ఆ పిల్ల, మీ తర్వాత వచ్చేవాళ్ళకు పనికి రావచ్చు అంది.

"మంచిదే," అంది టైలరక్క. "తర్వాతోళ్ళే ఎప్పుడైనా మంచిగుంటరు. తే, ఏడ పెట్టాలె దస్తఖత్."

ఇద్దరినీ విడివిడిగా అడగాలని నియమం. నర్సక్క ముందు గదిలో, టైలరక్క వంటింట్లో. మధ్య గోడ ఎంత మందమంటే, ఇటు దోమ వాలితే అటు గోక్కుంటారు.

"గిన్నెలు ఎవరు తోముతారు?" అని అడిగాం.

"ఇద్దరం," అంది నర్సక్క.

"అబద్ధం," అంది వంటిల్లు.

పరిశోధకురాలు లేచి తలుపు వేసింది. తలుపుకు కింద జానెడు ఖాళీ ఉంది. తృప్తిని ఒకటి నుంచి ఏడు దాకా అంకెల్లో చెప్పమంటే నర్సక్క ప్రతిదానికీ 'ఫర్వాలే' అంది. ఇంటిపనిలో తృప్తి? ఫర్వాలే. అవతలి మనిషి మీ మాట వింటుందా? ఫర్వాలే. ఆమె లేకపోతే మీ జీవితం ఎట్లా ఉండేది? "ఫర్వాలేకుండ ఉంటుండె," అంది. దాన్ని ఏడులో ఎక్కడ వెయ్యాలో నాకు తెలియలేదు. పరిశోధకురాలికి మాట మాటగా చెప్పాను. ఆమె అంకె వెయ్యకుండా పక్కన మార్జినులో పెన్సిలుతో రాసుకుంది.

పోతూ పోతూ ఆమె చెప్పిన పనే అసలు చిక్కు తెచ్చింది. ఎల్లుండి కెమెరా పెడుతుంది. మీ ఇద్దరికీ పడని విషయం ఏదైనా ఒకటి ఎంచుకుని పది నిమిషాలు మాట్లాడుకోండి, నేను పక్కన కూర్చుంటాను, ఏమీ అనను. ఇద్దరూ పరీక్ష తారీఖు విన్న పిల్లల్లా తలలు ఊపారు.

మర్నాడు పొద్దున ఇద్దరూ నా దుకాణానికి వచ్చారు. నర్సక్క స్టూలు మీద కూర్చుంది, టైలరక్క జెరాక్స్ మిషనుకు ఆనుకుంది, నేను గోడలోకి కొంచెం వెళ్ళాను.

"తమ్మీ, మాకు కొట్లాట రాసియ్యాలె," అంది నర్సక్క.

"కొట్లాట రాసిచ్చేదేంది అక్కా. ఇంట్ల ఎట్ల కొట్లాడ్తరో అట్లనే కొట్లాడుండ్రి."

"ఇంట్ల మేం మాట్లాడుకోం. రెండు రోజులు మాట్లాడుకోకుంటె అదే కొట్లాట," అంది టైలరక్క. "పది నిమిషాలు గమ్ముగ కూసుంటె ఆ పిల్ల క్యామెరా ఖరాబైందనుకుంటది. అంత దూరంకెళ్ళి వచ్చింది పాపం."

మా వాళ్ళ సంగతి మీకు తెలియాలి. మా చర్చిలో పదిమంది ముందు ఎవరూ కాగితం లేకుండా నోరు విప్పరు. స్వాగతం చెప్పాలన్నా రాసుకునే వస్తారు. నర్సక్క మూడేళ్ళు వరసగా నా నాటికలో పసిపిల్లలను చంపించే హేరోదు రాజు వేషం వేసింది. ముందు వరుస పిల్లలు ఏడ్చి, వాళ్ళ అమ్మలు ఏడ్చి, నాలుగో ఏడు ఆ వేషం పాస్టరుగారు తీయించేశారు. టైలరక్క నిండు గర్భిణికి చోటివ్వని సత్రం యజమాని వేషం వేసి, జాగా లేదు అన్న ఒక్క ముక్కను ఐదు నిమిషాలు చెప్పగలదు. కెమెరా ముందు కొట్లాట అనగానే వీళ్ళిద్దరికీ, నాకూ కూడా, క్రిస్మసే తోచింది. పరిశోధనకు అది ద్రోహమని నా బుర్రకు తట్టలేదు. తట్టినా రాసేవాడినే, ఎందుకంటే చర్చి వాళ్ళు ఎప్పుడూ నన్ను కొట్లాట రాయనివ్వలేదు.

విషయం వాళ్ళే చెప్పారు. పంకా. ఒకరికి ఐదు మీద ఉండాలి, ఒకరికి రెండు మీద. దాని మీద నేను నాలుగు పేజీలు రాశాను. అందులో పంకా గాలికి మంచం కదిలింది, గోడమీది క్యాలెండరు మూడు నెలలు ముందుకు పోయింది, మూలనున్న బియ్యం మూట చలికి వణికింది. మూడో పేజీ చివర కొట్లాట ముదరాలి కదా. మొగుడూ పెళ్ళాల తగువుల్లో వెయ్యిసార్లు విన్న మాట, నలిగిన మాట, నర్సక్క నోట పెట్టాను: "నీకంత గాలి గావాలంటె మీ అన్న ఇంటికి పో."

షట్టరు సగం దించి రెండుసార్లు చదివించాను. ఆ మాట దగ్గర నర్సక్క రెండుసార్లూ పేజీ తిప్పేసింది. అక్షరాలు ఆనలేదేమో అనుకున్నాను.

కెమెరా రోజు ఇద్దరూ చర్చి చీరలు కట్టుకున్నారు. బీరువా పక్కన నేను, కిటికీ దగ్గర పరిశోధకురాలు. ఆమె ఫోనులో పది నిమిషాలు పెట్టి చెయ్యి ఊపింది.

నర్సక్క హేరోదు గొంతు తీసింది. కింద అంగట్లోవాళ్ళు తలలెత్తి చూశారట. "పంకా ఐదు మీద పెట్టుమంటవా. నా ఎముకలు గాలికి గల్లీల పడ్తయి, ఏరుకొస్తవా?"

"ఏరుకొచ్చి సూది దారంతోటి కుట్టి ఇస్త, నీకేం ఫికర్," అంది టైలరక్క. ఇది నా రాత కాదు, ఆమె సొంతం. నాకు కొంచెం కుళ్ళు పుట్టింది.

నాలుగు నిమిషాలు దివ్యంగా సాగింది. నేను కిటికీ వైపు వంగి చెవిలో అనువాదం పోస్తున్నాను, ఆ పిల్ల చకచకా రాసుకుంటోంది. అప్పుడు మూడో పేజీ చివర వచ్చింది. నర్సక్క నోరు తెరిచింది, మూసింది.

టైలరక్క ఆగింది. తన వంతు కాదు కదా. తర్వాత మామూలు గొంతుతో అంది. "అను. రాసిందే గద."

"అనను."

"రోజు అంటనే ఉన్నవ్ గద. మీ అన్నకు చెప్పు, మీ అన్నను పిలుస్త అని. ఏడు నెలలాయె. క్యామెరా ముంగట అననీకేమైంది?"

"చెప్పకుంటె దస్తఖత్ ఎవరు పెడ్తరే?"

"నువ్వు పెట్టు."

"నన్ను పెట్టనియ్యరు. ఇరవై ఏండ్ల సంది ఆ టేబుల్‌కాడ కూసునేది నేనే. పేషెంటుకు నువ్వేమైతవ్ అని అడిగేది నేనే. ఏం గానోళ్ళను నేనే వాపస్ పంపిన. ఎంతమందిని పంపిననో నాకు యాది లేదు." గొంతులో హేరోదు లేడు. "ఇప్పుడు నేను టేబుల్‌కు ఇవతల నిలబడి ఏం చెప్పాలె?"

నేను అనువాదం మరిచిపోయాను. పరిశోధకురాలు నా మోచెయ్యి తాకితే మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి ఒక్క మాట కూడా పెంచకుండా. అది నాకు అలవాటు లేని పని. చెమట పట్టింది.

"అన్నొస్తె తోల్కపోతడు," అంది టైలరక్క. "మూడు నెలలంటడు. వదిన లేవలేదు. పొయ్యి ముంగట ఒక్కసారి కూసుంటె మళ్ళ లెవ్వనియ్యరు. మా మేనత్తకు గూడ మూడు నెలలే అన్నరు."

"మీ మేనత్త సచ్చింది ముసల్తనంతోటి. నువ్వు రక్తం లేక సస్తవ్. పన్నెండు ఉండాల్సిన నీ రక్తం ఏడే ఉంది, ఎరికేనా?"

"ఏడు మంచిదే గద. మేడం ఏడుకు ఏడిస్తె పూరా ఖుషీ అన్నది."

నర్సక్క నవ్వలేదు. చీర కొంగు చేతికి చుట్టుకుంటూ కూర్చుంది. టైలరక్కే మళ్ళీ అంది, చాలా మెల్లగా.

"సరే. చెప్పు మా అన్నకు. కాని తోల్కపోనియ్యకు."

"నా చేతుల ఏమున్నదే?"

"ఏమున్నదో నాకు తెల్వది. తోల్కపోనియ్యకు."

ఫోను కుయ్యిమంది. పది నిమిషాలు అయిపోయాయి. ఎవరూ దాన్ని ఆపలేదు, అదే అరిచి అరిచి ఊరుకుంది.

మెట్లు దిగాక పరిశోధకురాలు నన్ను ఆపి కెమెరాలో చూపించింది. బీరువా తలుపుకు అద్దం ఉంది. అద్దంలో నేను ఉన్నాను. మొదటి నాలుగు నిమిషాలూ ఇద్దరి మాటలకూ నా పెదవులు వాళ్ళకన్నా అరక్షణం ముందే కదులుతున్నాయి. దొంగతనానికి ఇంత మంచి సాక్ష్యం నేను తహసీలు ఆఫీసు అర్జీల్లో కూడా చూడలేదు. ఒప్పుకున్నాను. ఆమె కోప్పడలేదు. మొదటి నాలుగూ వదిలేస్తాననీ, మిగతా ఆరు ఉంచుకోవచ్చా అని వాళ్ళను మళ్ళీ అడగాలనీ చెప్పింది. మళ్ళీ మెట్లెక్కి అడిగితే ఉంచుకొమ్మన్నారు. ఏడాది తర్వాత నివేదిక పంపింది. దాంట్లో ఆ ఆరు నిమిషాలకు దక్కింది ఒకటిన్నర వాక్యం: తగువులు అందరి ఇళ్ళలోలాగే పని గురించీ, బంధువుల గురించీ, కాని బంధువుల ముందు తాము ఒకరికొకరు ఏమవుతారో చెప్పుకోలేకపోవడం వీటికి తోడవుతుంది. నా నాలుగు పేజీలకన్నా అది పొట్టిగా ఉంది. ఇంతకన్నా ఏమీ అనను.

ఆదివారం ఆరాధన కాగానే నర్సక్క నన్ను చిమ్కోడ్ రమ్మంది. "నువ్వు రాసిన మాటే గద, నువ్వే దగ్గరుండు," అంది. టైలరక్క ఇంట్లోనే ఉండిపోయింది. అన్న కంది చేనులో ఉన్నాడు. అరవై దగ్గర మనిషి, మాట తక్కువ. మమ్మల్ని గట్టు మీద కూర్చోబెట్టి, తాగడానికి నీళ్ళిచ్చి, నర్సక్క చెప్పేదంతా నిలబడే విన్నాడు.

"ఏడు నెలలా," అన్నాడు చివరికి.

"ఏడు నెలలు."

"నేనున్న గద. సచ్చినంక చెప్దామనుకున్నరా?"

ఖాళీ చెంబు ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"దస్తఖత్ పెడ్త," అన్నాడు. "ఆపరేషన్ కాంగనె ఇంటికి తోల్కొస్త. అన్న ఉండి చెల్లెను పరాయింట్ల పండవెడితె ఊర్ల మొకమెట్ల చూపియ్యాలె?"

నర్సక్క ఏదో అంటుందని చూశాను. రాజ్యాలు గడగడలాడించిన ఆ గొంతు కంది చేనులో ఒక్క ముక్క పలకలేదు. తిరుగు బస్సులో కూడా పలకలేదు. చిమ్కోడ్ నుంచి బీదరు ఎంతో దూరం కాదు కాని ఆ రోజు మా బస్సు మహారాష్ట్ర చుట్టి వచ్చినట్టుంది.

అన్న వచ్చాడు, దస్తఖత్ పెట్టాడు. ఆపరేషన్ బాగా జరిగింది. పుచ్చకాయంత గడ్డ అని నేను ఊరంతా చెప్పాను. నిమ్మకాయంతవి నాలుగు అని నర్సక్క ఊరంతా దిద్దుకుంటూ వచ్చింది.

డిశ్చార్జికి ముందురోజు ఆమె నా దుకాణానికి వచ్చి, ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు కన్నడంలో కొట్టియ్యమంది. అన్న చదివింది కన్నడం బడే. ఆమె ఆరు చెప్పింది. నేను ముప్పై ఒకటి కొట్టాను. ఆరు నెలలు పొయ్యి పొగ తగలరాదు. వంగరాదు. బిందె కాదు గదా చెంబు ఎత్తరాదు. జొన్నరొట్టె కొట్టరాదు, పక్కింట్లో కొడుతుంటే చప్పుడు వినరాదు. ఎడ్లబండి వైపు చూడరాదు. అతను ఇది చదివితే చెల్లెలిని ఇక్కడే దింపి, మోకాళ్ళ నొప్పులున్న పెళ్ళాన్ని కూడా దవాఖానాలో చేర్చి పోతాడని నా నమ్మకం.

నర్సక్క నిలబడి మొత్తం చదివింది. నా చేతిలోంచి పెన్ను తీసుకుని ఇరవై ఐదు గీతలు కొట్టింది.

"ఈ ఆరు నిజం. మిగిలినయి నీయి," అంది.

"ఆమెను తోల్కపోతడక్కా."

"తోల్కపోతె పోనీ. ఆయనకు అబద్ధం చెప్పి ఆమెను నా దగ్గర పెట్టుకోను. ఒకసారి నువ్వు రాసిచ్చింది సాలు తమ్మీ. ఆరే కొట్టు."

ఆరే కొట్టాను.

మర్నాడు అన్న ట్రాలీ ఆటో తెచ్చాడు. వెనక కొత్త పరుపు పరిచి ఉంది. సొంత చేను పత్తి అట, చెల్లెలి కోసమని కుట్టించాడు. టైలరక్క చక్రాల కుర్చీలో దవాఖానా వాకిట్లో కూర్చుని ఆ పరుపును చూస్తోంది. నర్సక్క కాగితం ఇచ్చింది. అతను వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు.

"రోజు కట్టు మార్చాలెనా? మా ఊర్ల ఎవరు మారుస్తరు?"

"నేనొస్త," అంది నర్సక్క. "పొద్దుగాల బస్సుకొచ్చి మార్చి డ్యూటీకి పోత."

"రోజునా?"

"రోజు. కుట్లు ఇప్పేదాంక. తర్వాత గూడ వస్త, నువ్వు రావద్దంటె తప్ప."

అతను ఆమెను అట్లాగే చూశాడు. ఏదో అడగబోయి ఆగాడు. టేబుల్ అవతల ఇరవై ఏళ్ళు ఆమె అందరినీ అడిగిన ప్రశ్న అదేనేమో. ఆమె కూడా కాచుకుని నిలబడింది.

"ఆమె రాపోకలు ఎందుకు," అంది టైలరక్క, కుర్చీలోంచి. గొంతులో ఇంకా బలం రాలేదు. "నేను చిమ్కోడ్ రానన్నా. బండి మా ఇంటికి మలుపు. చర్చి ఎనుక గల్లీ."

"అన్న మీద కోపమా?"

"కోపం లేదు. అక్కడైతె నాకు నిద్ర పట్టది."

దవాఖానా వాకిట్లో చాలామంది ఉన్నారు. అతను వాళ్ళను చూశాడు, నన్ను చూశాడు. నేను ఎడ్లబండి కోసం వెతుకుతున్నట్టు రోడ్డు వైపు చూశాను. అతను కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, డ్రైవరు పక్కన ఎక్కాడు. "చర్చి ఎనుక గల్లీ అంట. మెల్లగ పోనీ," అన్నాడు.

టైలరక్కను నర్సక్క, నేను చెరో పక్కన పట్టి ఒక్కొక్క మెట్టే ఎక్కించాం. వెనకాల అతను పరుపు తల మీద పెట్టుకుని వచ్చాడు, మోస్తానన్నా ఇవ్వలేదు. ముందు గదిలో కుట్టుమిషను, గుడ్డలు, రెండు కుర్చీలు. లోపలి గదిలో ఒకటే మంచం, వెడల్పుది, దాని మీద ఒకటే పాత పరుపు, రెండు దిండ్లు. పరుపు తలమీదే ఉంది కనక గుమ్మంలో అతని మొహం నాకు కనపడలేదు.

"ఏడ పరవాలె?" అని అడిగాడు.

"నా దిక్కు," అంది టైలరక్క. "గోడ దిక్కు."

పాత పరుపు మీద గోడ వైపు కొత్తది పరిచాడు. అది ఒక మనిషికి కుట్టించింది. మంచం సగం గుట్ట, సగం పల్లమైంది. నర్సక్క వైపు ఎవరైనా పడుకుంటే పై నుంచి రోగి దొర్లి మీద పడేటట్టుంది. అతను చేత్తో ఎత్తు మీద నొక్కాడు, పల్లం మీద నొక్కాడు. పని నచ్చనట్టు పెదవి విరిచాడు. అంచు గుంజి చూశాడు, ఏమీ మారలేదు.

"ఇట్లైతె మంచిగ లేదు," అన్నాడు నర్సక్కతో, ఆమె మొహం చూడకుండా. "పత్తి ఇంకింత ఉంది. నీ దిక్కు గూడ ఒకటి కుట్టించి పంపిస్త. సమానమైతది."